తిథి చెప్పి వచ్చే అతిథులు



"పదవీ విరమణ చేశారు, హాయిగా కావ్యాలు చదువుకోక ఈ గదుల అద్దెలూ గొడ్ల చాకిరీ మీకెందుకు సారూ?" అని నా పూర్వవిద్యార్థులు నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి సమాధానం వ్రాయాలని కూర్చున్నాను. ఇందులో నేను చేసిన తప్పులూ ఉన్నవి, వాటినుంచి ఏర్పడిన అభిప్రాయమూ ఉన్నది.

ముందుగా ఒక మాట. తెలుగు పండితుణ్ణి కనుక శబ్దంతో మొదలుపెట్టకపోతే తోచదు. అతిథి అంటే వచ్చే తిథి నియమం లేనివాడని మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. పిలుపు మీద వచ్చినవాడు అభ్యాగతుడు. ఇక ముందుగా తేదీ చెప్పి, రుసుము చెల్లించి, గది ఫలానా రోజుకు నాదేనని రూఢి చేసుకొని వచ్చేవాడిని ఏమనాలి? అతడు అతిథీ కాడు, అభ్యాగతుడూ కాడు. మన భాషలో అతనికి సరైన మాట లేదు. మాట లేనిచోట మర్యాద కూడా స్థిరపడి ఉండదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

జహీరాబాదు నుంచి ఝరాసంగం వెళ్ళే దిక్కున మాకు మూడెకరాల పది గుంటల పిత్రార్జితం ఉన్నది. సగం ఎర్రనేల, సగం నల్లరేగడి. 2017లో ఉద్యోగం ముగిశాక, వచ్చిన సొమ్ములో కొంత పెట్టి 2019లో చేని ఒడ్డున రెండు గదుల పెంకుటిల్లు కట్టాము. నేలకు షాబాదు బండలు, ముందు ఒక అరుగు, వెనుక వేపచెట్టు. ఇంటికి నలభై అడుగుల దూరంలో కొట్టం. అందులో బీదరు, ఉద్‌గీరు ప్రాంతాలకు చెందిన దేవని జాతి ఆవులు రెండు, అయిదు మేకలు, గంప కింద డజను కోళ్ళు. పెరటిలో బీర, గోరుచిక్కుడు, వంగ, మునగ, రెండు జామచెట్లు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఆ గదుల ఛాయాచిత్రాలు అంతర్జాలంలో పెట్టాడు. జనం రావడం మొదలైంది. హైదరాబాదుకు నూరు కిలోమీటర్లకు కాస్త పైన, ముంబయి రహదారి దగ్గరలోనే కదా, శనివారం వచ్చి ఆదివారం వెళ్ళడానికి అనువైన దూరం.

మొదటి తప్పు ఆ సంవత్సరమే జరిగింది. నగరం నుంచి వచ్చిన ఒక కుటుంబం వెంట తెచ్చుకున్న బిరియాని మిగిలింది. పిల్లలు ముచ్చటపడి ఆ అన్నమంతా మేకకు పెట్టారు. పెద్దలు చూసి సంతోషించారు. నేనూ అరుగు మీద నుంచి చూశాను. నాలుగు మెతుకులే కదా అనుకున్నాను. తీరా చూస్తే పెద్ద గిన్నెడు. రాత్రికి మేక నెమరు వేయడం మానింది. పొట్ట ఉబ్బింది. తెల్లవారేసరికి లేవలేదు. పశువైద్య సహాయకుడు వచ్చి చూడగానే అడిగిన మొదటి మాట: "సారూ, అన్నం పెట్టిర్రా?"

నెమరువేసే జంతువు కడుపులో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కసారిగా అంత అన్నం పడితే అది వేగంగా పులిసి ఆమ్లమవుతుంది, ఆ సూక్ష్మజీవులే చస్తాయి, ఆపైన పశువూ పోతుంది. తొలి ఘడియల్లోనే తినేసోడా నీళ్ళలో కలిపి తాగిస్తే కొన్ని బతుకుతాయట. మాది మధ్యాహ్నానికి పోయింది. ఆ పిల్లల తప్పేమీ లేదు. వారిది దయ. చెప్పవలసినవాణ్ణి నేను. డబ్బు ఇచ్చినవారిని "వద్దు" అనడానికి నాకు నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ళు తరగతి గదిలో "వద్దు" అని చెప్పి జీతం తీసుకున్నవాడికి ఆ ఒక్కరోజు ఆ మాట కరవయింది.

రెండవ తప్పు ఎల్లామాస నాడు. కోస్తా మిత్రులకు ఈ పండుగ తెలియకపోవచ్చు. మార్గశిర బహుళ అమావాస్య నాడు, యాసంగి జొన్న చేలలో నిలిచి ఉన్న వేళ, ఈ ప్రాంతంలోనూ పొరుగున ఉన్న బీదరు, కలబురగి సీమల్లోనూ జనం చేలకు వెళతారు. అయిదు రాళ్ళను పాండవులుగా నిలిపి పూజిస్తారు. పప్పుగింజలూ ఆకుకూరలూ ఎన్నో కలిపి వండిన భజ్జి, రొట్టెలు, అంబలి నైవేద్యం పెడతారు, చేను చుట్టూ చల్లుతారు. తరువాత బంధుమిత్రులతో కలిసి చేలోనే భోజనం.

ఒక ఏడాది ఆ రోజుకు ఎనిమిదిమంది వస్తామంటే సరే అన్నాను. "గ్రామీణ పండుగ చూపిస్తామని" మా అబ్బాయి ప్రకటనలో వ్రాశాడు కూడా. నా భార్య తెల్లవారుజామున మూడింటికి లేచి పన్నెండుమందికి రొట్టెలు చేసింది. పూజ వేళ వారు కెమెరా సరిగా కుదరలేదని హారతి మళ్ళీ ఇమ్మన్నారు. నేను ఇచ్చాను. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆమె అన్న మాట ఇది: "పైసలిచ్చిరి, సరే. గని పండుగ మనది అయిందా, వాండ్లది అయిందా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి పెట్టడంలో ఉన్న ఆనందాన్ని నేను ముందే వెల కట్టి అమ్మివేశాను. అమ్మిన వస్తువును మళ్ళీ దానం చేయలేము కదా.

ఇప్పుడు లెక్కలు చెబుతాను. లెక్క చెప్పని అభిప్రాయం ఉపన్యాసమే అవుతుంది. గదికి రాత్రికి 1,500 రూపాయలు. గత సంవత్సరం రెండు గదులూ కలిపి 96 రాత్రులు నిండాయి. అంటే 1,44,000. సహాయానికి వచ్చే ఆమె కూలి, బట్టల ఉతుకు, విద్యుత్తు, మరమ్మతులు పోగా మిగిలింది 92,000. ఆవుల పాలు ఇంటికి వాడుకోగా అమ్మినవీ, జొన్న, కంది, శనగ అమ్మినవీ, ఖర్చులు తీసివేస్తే 69,000. నా భార్య శ్రమ ఈ రెండు పద్దుల్లో దేనిలోనూ లేదు. దానిని కలిపితే మొదటి పద్దు ఎంత తగ్గుతుందో నాకు తెలుసు గనుకనే ఇన్నేళ్ళు కలపలేదు.

ఈ అంకెల్లో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఆదాయంలో గదులదే పైచేయి. లెక్క మాత్రమే చూసేవాడికి తరువాతి మెట్లు వరుసగా కనిపిస్తాయి. పేడ వాసన గిట్టదన్నవారి కోసం కొట్టం దూరం జరుపుతాము. తరువాత ఆవులను అమ్మి, చూపుకు ఒక్క దూడను ఉంచుతాము. జొన్నచేను స్థానంలో పచ్చిక, బోరునీటితో ఈతకొలను. చివరకు మిగిలేది వ్యవసాయపు వేషం వేసుకున్న వసతిగృహం. రహదారి పొడుగునా అటువంటివి వెలుస్తూనే ఉన్నవి. నీటికి ఎండాకాలంలో అలమటించే సీమలో పంటకు లేని నీరు ఈతకు ఎక్కడిది?

అయితే మరో దారి లేదా? మా జహీరాబాదులోనే ఉన్నది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూరు కేంద్రంగా పనిచేస్తూ వచ్చింది. దానిని నడిపించినవారిలో ముఖ్యులు పి.వి. సతీశ్ గారు 2023 మార్చిలో దివంగతులయ్యారు. ఆ సంస్థలోని దళిత మహిళల సంఘాలు బీడుపడిన భూములను సాగుకు తెచ్చాయి, పాత విత్తనాలను కాపాడాయి, 2008లో మాచ్‌నూరు నుంచి సంఘం రేడియో నడిపాయి. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి పొందాయి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర వారిదే. వారిని చూడటానికి దేశదేశాలవారు వచ్చారు. ఝరాసంగం మండలంలోని బిడకన్నెలో కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల అరణ్య సంస్థ క్షేత్రానికి కూడా పర్మాకల్చర్ నేర్చుకోవడానికి జనం వచ్చి అక్కడే బస చేస్తారు. ఈ రెండు చోట్లా గమనించదగినది ఒక్కటే. వచ్చినవారు చూడటానికి కాక నేర్చుకోవడానికి వచ్చారు. తుమ్మికూరకూ గంగవాయిలకూరకూ తేడా చెప్పే స్త్రీ అక్కడ ఆచార్యురాలు, వచ్చినవాడు శిష్యుడు. అక్కడ ఎవరూ హారతి మళ్ళీ ఇమ్మని అడగరు.

ఇటలీ దేశంలో 1985లోనే రైతు ఇంటి ఆతిథ్యానికి ఒక చట్టం చేశారు. 2006లో దానిని మార్చి కొత్తది తెచ్చారు. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, ఆతిథ్యం దానికి అనుబంధం మాత్రమే అన్నది దాని ప్రాణసూత్రం. ఏది ప్రధానమన్నది తేల్చడానికి ముఖ్యంగా చూసేది పనికి పట్టే కాలం. పదిమందికి మించకుండా అతిథులను పెట్టుకుంటే వ్యవసాయమే ప్రధానమని నేరుగా ఒప్పుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు గొప్ప ఊరట కలిగింది. నా పద్దులో సొమ్ము గదులవైపు మొగ్గినా, కాలం మాత్రం కొట్టం వైపే మొగ్గుతున్నది. తెల్లవారి నాలుగున్నరకు పాలు పిండటంతో మొదలై రాత్రి చొప్ప వేసేదాకా రోజంతా గొడ్లదీ చేనిదీ. ఆ కాలం తలక్రిందులైన నాడు నేను రైతును కాను, వసతిగృహ యజమానిని. అప్పుడు బోర్డు మార్చుకోవాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మా ఊరి కుర్రవాడొకడు, నా దగ్గర చదువుకున్నవాడే, నిష్ఠురంగానే అన్నాడు: "మీకు పింఛను వస్తది సారూ. వచ్చినోళ్ళను వద్దంటరు. నాకు నెలకొక్కరు వచ్చినా కిస్తీ కడ్త. నేనెట్ల వద్దంట?"

అతని మాట నిజం. నిమ్జ్ పారిశ్రామిక మండలి కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా ప్రతిపాదించారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాదును పారిశ్రామిక నగరాల జాబితాలో చేర్చింది. చుట్టూ భూమి ధరలు పెరుగుతుంటే సామలూ కొర్రలూ పండించి నిలబడటం సామాన్యుడికి సాధ్యమా? గది అద్దె వల్ల ఒక రైతు భూమి అమ్మకుండా ఆగితే అది పుణ్యమే. నేనూ అలా ఆగినవాణ్ణే. దళారి అయిదుసార్లు వచ్చి వెళ్ళాడు.

కాని అతని మాటలోనే నా వాదానికి బలం ఉన్నది. "వద్దు" అనే శక్తి పింఛను ఉన్నవాడికే ఉంటే, ఆ మంచితనం వ్యక్తిగత విలాసం అవుతుంది. అందుకే అది అందరికీ వర్తించే నియమం కావాలి. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది. మన రాష్ట్రంలో అటువంటిది ఏది వచ్చినా, సాయం అందుకునేవాడు తానే సాగు చేస్తూ ఉండాలి. అతిథుల సంఖ్యకు పరిమితి ఉండాలి. బోరునీటి కొలనులకు ఆ పేరుతో అనుమతి ఉండరాదు. నియమం ఉన్నచోట పేదరైతు కూడా "మా చేతిలో లేదండీ, నియమం అట్లా ఉన్నది" అని తలెత్తుకొని చెప్పగలడు. బలహీనుడికి నియమమే నోరు.

మా ఇంటి నియమాలు ఇప్పుడు అరుగు మీద పలక మీద వ్రాసి ఉన్నవి. ఒకేసారి ఆరుగురికి మించరాదు. అడగకుండా పశువులకు ఏమీ పెట్టరాదు. పెరటిలో ఏది కాస్తే అదే కూర. ఆవు ఈనే వారంలోనూ, కోతల్లోనూ, ఎల్లామాస నాడూ గదులు ఇవ్వబడవు. భోజనం సొమ్ము విడిగా, నేరుగా నా భార్య చేతికి. ఈ చివరి నియమం ఆమె పెట్టింది. అన్నిటికంటె బాగా అమలవుతున్నదీ అదే.

పలక చూసి వెనుదిరిగినవారు ఉన్నారు. కాని పోయిన వేసవిలో ఒక చిన్నపిల్ల ఆ పలక చదివి, గడ్డిపరక చేత పట్టుకొని నా దగ్గరకు వచ్చి "తాతా, ఇది పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టమన్నాను. ఆ పిల్లకు చెప్పిన ఆ ఒక్క మాట అయిదేళ్ళ క్రితం చెప్పి ఉంటే మేక బతికి ఉండేది.

పోయిన ఎల్లామాసకు గదులు ఖాళీ. చేలో భజ్జి తింటుండగా దారి తప్పిన ఒక లారీ డ్రైవరు దారి అడగడానికి ఆగాడు. కూర్చోబెట్టి రొట్టె పెట్టాము. అతను తేదీ చెప్పి రాలేదు.

మీ మీ ఊళ్ళలో ఈ సంగతి ఎలా ఉన్నదో వ్రాయండి. డబ్బిచ్చి వచ్చేవాడికి తెలుగులో మంచి మాట ఎవరికైనా తోస్తే తప్పక తెలియజేయండి. నాకైతే ఇంకా దొరకలేదు.

సెలవు.