తీపిలో ఉప్పు, పాకంలో బంగారం

థాయ్‌లాండ్ పేరు చెప్పగానే భోజనప్రియులకు ఆ దేశపు పుల్లని, కారపు పులుసులు స్ఫురిస్తాయి. అక్కడి మిఠాయిలను గురించి మనలో తెలిసినవారు తక్కువ. బ్యాంకాక్ వెళ్ళివచ్చిన మిత్రులు విమానాశ్రయంలో కొన్న చాక్లెట్లు పంచిపెడతారే గాని, వీధి అంగళ్ళలో అరటి ఆకు పొట్లాలలో అమ్మే తీపి వంటకాలను గురించి చెప్పరు. వాటిని అక్కడివారు ‘ఖనోమ్’ అంటారు. వాటిలో రెండు వంశాలున్నాయి. ఆ భేదం తెలిసి ఉండడం అందరికీ, ముఖ్యంగా శాకాహారులకు, ఎంతో ఉపకరిస్తుంది.

మొదటి వంశానికి ఆధారం బియ్యం, కొబ్బరిపాలు, తాటి లేక కొబ్బరి చెట్టు నుండి తీసిన బెల్లం. ‘ఖనోమ్ క్రోక్’ వండే గుంటల పెనం చూస్తే మన పొంగనాల పెనమే జ్ఞాపకం వస్తుంది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి పోస్తే అడుగు కరకరలాడుతూ, పైభాగం మీగడవలె నిలుస్తుంది. ‘ఖనోమ్ చాన్’ పొరల మిఠాయి. ఒక పొర ఆవిరిపై గట్టిపడిన తరువాతనే మరొకటి పోస్తారు. శుభసూచకంగా తొమ్మిది పొరలు వేయడం ఆచారం. ఆకుపచ్చ రంగు, పరిమళం మన మొగలికి దగ్గరి చుట్టమైన ‘బైతోయ్’ ఆకునుండి, నీలం రంగు మన పెరటి శంఖపుష్పం నుండి వస్తాయి. కొబ్బరిపాలలో ఉడికించిన అరటిపండు ముక్కలకు ‘క్లువై బువాట్ చీ’ అని పేరు. సన్యాసం స్వీకరించిన అరటిపండు అని దాని భావం. తెల్లని పాలు అక్కడి సన్యాసినుల తెల్లని వస్త్రాలను తలపిస్తాయి.

మామిడిపండుతో వడ్డించే జిగురు బియ్యపు అన్నం వీటిలో ప్రసిద్ధం. ఆ బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్ దాదాపు ఉండదు. అందువలన మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. నానబెట్టి ఆవిరిపై ఉడికించిన అన్నాన్ని వేడిగా ఉండగానే చక్కెర, ఉప్పు కలిపిన కొబ్బరిపాలలో కలిపి మూతపెడతారు. ఉప్పు అనగానే సందేహించనక్కరలేదు. అది కొబ్బరి రుచిని పైకి తెచ్చి, తీపి మొహం మొత్తకుండా కాపాడుతుంది.

రెండవ వంశం గుడ్డు పచ్చసొనది. ‘తోంగ్ యిప్’, ‘తోంగ్ యోట్’, ‘ఫోయ్ తోంగ్’ అనే పేర్లలోని ‘తోంగ్’ అంటే బంగారం. ఫోయ్ తోంగ్ కోసం పచ్చసొనను సన్నని రంధ్రం గుండా మరిగే పాకంలోకి ధారగా జారవిడుస్తారు. పచ్చసొన 65–70 డిగ్రీల సెల్సియస్ వద్దనే గట్టిపడుతుంది గనుక, పాకం తగిలిన క్షణంలో ధార దారమవుతుంది. పెళ్ళిళ్ళలో ఆ దారాలను తెంపకుండా వడ్డిస్తారు. అవి దీర్ఘానుబంధానికి చిహ్నాలు.

ఈ బంగారు మిఠాయిల మూలం పోర్చుగల్. వీటిని ప్రచారంలోకి తెచ్చిన ఘనతను థాయ్ ప్రజలు మరియా గుయోమార్ అనే మహిళకు ఇస్తారు. ఆమెది జపాన్, పోర్చుగీసు, బెంగాలీ మూలాలు కలిసిన కుటుంబం. భర్త ఫాల్కన్ గ్రీకు జాతీయుడు, అయుత్థయ రాజు నారాయ్ కొలువులో ముఖ్యుడు. 1688 నాటి తిరుగుబాటులో అతనికి మరణశిక్ష పడగా, ఆమె బానిసత్వం అనుభవించి, పిమ్మట రాజభవనపు వంటశాలకు పర్యవేక్షకురాలైంది. అయుత్థయలో అంతకు ముందే పోర్చుగీసు వాడ ఉండేది గనుక ఘనత అంతా ఆమె ఒక్కరిదే కాకపోవచ్చును. అయినా, సర్వస్వం కోల్పోయిన ఒక పరదేశి సంతతి స్త్రీ పేరు ఆ దేశపు పెళ్ళి విందులలో నేటికీ నిలిచి ఉంది.

‘లుక్ చుప్’ అనే మిఠాయి ఈ రెండు వంశాల సంధి. పోర్చుగీసువారు బాదం ముద్దతో బొమ్మపండ్లు చేసేవారు. బాదం దొరకని సయాంలో ఆ స్థానాన్ని పెసరపప్పు ఆక్రమించింది. ఉడికించిన పప్పును కొబ్బరిపాలు, చక్కెరతో ముద్దచేసి, చిన్న చిన్న పండ్లుగా మలచి, రంగులద్ది, సముద్రపు పాచినుండి తీసిన అగర్ ద్రవంలో ముంచుతారు. ముడిసరుకు మారినా వస్తువు నిలిచింది. సంప్రదాయమని మనం గౌరవించేవాటిలో ఇటువంటి సర్దుబాట్లు ఎన్నో ఉంటాయి.

శాకాహార మిత్రులు మొదటి వంశంతో ఆరంభించవచ్చును. అయితే కొబ్బరిపాలతో చేసినదే అయినా, గుమ్మడికాయలో ఉడికించే ‘సంఖయా’లో గుడ్డు ఉంటుంది. ‘ఖై’ అంటే గుడ్డు. ఆ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకొని, అంగడిలో ముందుగా అడిగి రుచి చూడడం మేలు.