నీళ్లు తేరినంక పోదాం

రెండు రోజులు ముసురు పట్టిందంటే చాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి కార్లూ బండ్లూ ఉత్తరాన అడవుల్లోని జలపాతాల వైపు మళ్లుతాయి. కుంటాల పోదామా, పొచ్చెర పోదామా అన్నదే మాట. బీర్పూర్ వాళ్లకు ఆ అడవులు ఇంకా దగ్గర. కమ్మునూర్ వద్ద గోదావరి వంతెన దాటితే కలమడుగు, ఆ పైన జన్నారం, కవ్వాల్ అడవి. ఇంటిల్లిపాదీ అడవిలో నడిచి జలపాతం చూసి రావడం కన్నా మంచి సెలవు దినం నాకు తోచదు. కాని ఆషాఢ శ్రావణాల్లో, వాన దంచికొడుతుంటే పిల్లల్ని వెంటేసుకుని పోవడం తప్పు. ఈ మాట ప్రతి వానాకాలం చెప్పాల్సిందే.

2023 జులైలో ములుగు జిల్లా వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార చూడటానికి పోయిన సుమారు 80 మంది సంగతి గుర్తుంది కదా. వాళ్లను జలపాతం ఏమీ చేయలేదు. తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడ్డం పడింది. చీకట్లో, వానలో అడవిలో చిక్కుకుంటే జాతీయ విపత్తు స్పందన దళం పోయి బయటికి తెచ్చింది. ప్రమాదమంటే మనకు గుండమే గుర్తుకొస్తుంది. నిజమే, కుంటాలలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు తక్కువేం లేరు. కాని చంటిదాన్ని చంకనెత్తుకుని, అవ్వను చేయి పట్టి నడిపించే కుటుంబానికి అసలు గండం మధ్యలో దాటిన ఒర్రె. మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే చాలు. నీళ్లు ఎర్రబడి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయంటే ఫొటోలు ఆపి గట్టుకు రావాలి.

ఆ నీటి బలం ఎంతో తెలియనివాళ్లం కాదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్లన్నీ వదలగలిగినదాని కన్నా ఎక్కువ వరద వచ్చింది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కుంటాల, కనకాయి జలపాతాలు రెండూ ఆ కడెం వాగు మీదివే. ఆ నీళ్లే గోదావరిలో కలిసి, కమ్మునూర్ ముందు నుంచి ధర్మపురికి పోతాయి.

నన్నడిగితే దసరా సెలవుల నుంచి కార్తీకం దాకా పోవాలి. వాగులు తీస్తాయి, నీళ్లు తేరుతాయి, ధార మాత్రం ఆగదు. వనభోజనాలకు ఎట్లాగూ ఇల్లు కదులుతాం. ఉసిరి చెట్టు కింద కూర్చుని తినొచ్చే బదులు ఆ సద్ది మూటతోనే కనకాయి దారి పట్టొచ్చు. జన్నారం, ఉట్నూరు మీదుగా ఇచ్చోడ చేరితే అక్కడి నుంచి బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్. ఊరు దాటినంక పత్తి చేన్లు, ఆ తర్వాత అడవిలోకి కాలిబాట. పెద్దలకూ పిల్లలకూ కష్టం లేని నడక. నీళ్లు కనబడకముందే చప్పుడు వినబడుతుంది. దగ్గర్లో కనకదుర్గమ్మ గుడి ఉంది.

ఆ కొద్దిపాటి నడకను తొందరగా ముగించకండి. మన వైపు బీడీలు చుట్టే తల్లులు ఎందరో. వాళ్ల పిల్లలు పుట్టినప్పటి నుంచి చాటలో కత్తిరించిన తునికాకు చూస్తూనే ఉన్నారు, తునికి చెట్టును మాత్రం చూసి ఉండరు. ఆ నల్లటి, పగుళ్లువారిన బెరడు మీద చేయి వేయించి, అమ్మ ఒళ్లో ఆకు ఈ కొమ్మదే అని చెప్పండి. రోజంతా చాట ముందు కూర్చునే ఆ తల్లికి కూడా ఆ చెట్టు కింద నిలబడే హక్కుంది. లేత టేకాకు ఒకటి తుంచి అరచేతుల మధ్య నలపమనండి. పచ్చని ఆకు లోంచి ఎర్రటి రంగు వచ్చి, గోరింటాకు పెట్టినట్టు చేయంతా పండుతుంది. చిన్నవాళ్లు ఇక ప్రతి టేకు చెట్టు దగ్గరా ఆగుతారు. ఆగనివ్వాలి. చెట్ల నడుమ దారికి అడ్డంగా పెద్ద సాలెగూళ్లు అల్లి ఉంటాయి. వాటిని కట్టెతో తెంపకుండా తల వంచి దాటడం నేర్పాలి.

కనకాయికి పేరు పెరిగే కొద్దీ ధార దాకా కారు పోయే రోడ్డు కావాలన్న మాటా వస్తుంది. నేను ఒప్పుకోను. రోడ్డు పడితే వెనకే డీజే పెట్టెలు, బిర్యానీ పొట్లాలు, సీసా పెంకులు వస్తాయి. చెప్పులు విడిచి వాగు దాటే పిల్లల కాళ్లు తెగేది ఆ పెంకులతోనే. నడవలేని పెద్దల మాటేమిటని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు కుంటాల దాకా వాహనం పోతుంది, కింది దాకా మెట్లు దిగలేకపోయినా పైనుంచి చూడొచ్చు. ఒక్క కనకాయినైనా కాలిబాటగా ఉంచుదాం.

అక్కడ కావాల్సింది మనిషి. ఏ బండ మీద పాకుడు ఉందో, ఏ గుండం లోతో, ఏ మబ్బు పడితే వాగు వస్తుందో ఆ చుట్టుపక్కల గోండు గూడేల యువకులకు తెలిసినంత మనకు తెలియదు. బొగత జలపాతం దగ్గర అటవీశాఖ ప్రవేశ రుసుము తీసుకుంటున్నది. అట్లాంటి రుసుమే గిర్నూర్ దగ్గర పెట్టి, ఆ యువకులకు నెల జీతం ఇచ్చి, ప్రతి గుంపు వెంట ఒకరిని పంపాలి. వాగు మట్టానికి ఎర్ర గీత గీసి, నీళ్లు ఆ గీత దాటిన రోజు ఎంత పెద్దవారు వచ్చినా దారి మూసే అధికారం కూడా ఆ యువకుల చేతికే ఇవ్వాలి. ఈ కార్తీకానికే మొదలుపెట్టొచ్చు.