తులనాత్మక న్యాయశాస్త్రము – దాని బోధనము

వివిధ దేశముల చట్టములను పోల్చి పరిశీలించు విద్యకు తులనాత్మక న్యాయశాస్త్రమని పేరు. 1900వ సంవత్సరమున పారిసు నగరమున దీనికై యొక అంతర్జాతీయ మహాసభ జరిగినది. నేడు పెక్కు విశ్వవిద్యాలయములలో దీనిని బోధించుచున్నారు. అయినను దీని స్వభావమును గూర్చి పండితులలో నేటికిని వాదములు గలవు. ఆస్తిచట్టము వలెను, శిక్షాస్మృతి వలెను దీనికి తనదను చట్టమొక్కటియు లేదు. ఇది చట్టములను పరిశీలించు పద్ధతి మాత్రమేయని పలువురి మతము.

మన పాఠశాలలలో దీని ఛాయ కొంత గలదు. మన రాజ్యాంగములోని ప్రాథమిక హక్కులకు అమెరికాయు, ఆదేశిక సూత్రములకు ఐర్లండును మూలములని బాలబాలికలచే వల్లె వేయించుచున్నాము. ఐర్లండువా రట్టి సూత్రముల నేల వ్రాసికొనిరి, మనవారు వాని నేల గైకొనిరి యను ప్రశ్న మాత్రము తరగతిలో పుట్టదు. ఇది పట్టికయే గాని పోలిక గాదు.

మా యభిప్రాయమున పోలిక మానవుని కష్టముతో నారంభింపవలెను. మన విద్యార్థులందరు నెరిగిన మంచి సమరయుని ఉపమానమునే తీసికొందము. దొంగలచే కొట్టబడి కొనప్రాణముతో పడియున్నవానిని చూచియు యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి. అట్టివారిని నేటి చట్టము లేమి చేయును?

ఇంగ్లండు చట్టము సామాన్యముగా దండింపదు. తలిదండ్రులు మున్నగు ప్రత్యేక బాధ్యత గలవారికి దక్క, అపరిచితుని రక్షింపవలెనను విధి యచ్చట లేదు. ఫ్రాన్సులోనన్ననో, తనకు గాని యితరులకు గాని ప్రమాదము లేకుండ సాయపడగలిగియు బుద్ధిపూర్వకముగా మానినవానికి అయిదేండ్ల వరకు కారాగారమును, 75,000 యూరోల జుల్మానాయు విధింపవచ్చును. జర్మనీలో ఒక యేడాది వరకు కారాగారము గాని, జుల్మానా గాని కలదు.

మన దేశము వేరొక త్రోవ త్రొక్కినది. రోడ్డు ప్రమాదమున గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసుస్టేషనునకును కోర్టునకును తిరుగవలసివచ్చునను భయమే మనవారిలో ననేకులను వెనుకకు లాగుచుండెను. కావున 2016లో సుప్రీముకోర్టు సహాయకుల రక్షణకై యేర్పడిన నియమములకు బలము చేకూర్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ, సద్బుద్ధితో సాయపడినవాని చేతిలో పొరపాటున హాని జరిగినను అతడు బాధ్యుడు గాడని శాసించినది. పేరు చెప్పుమని యతనిని నిర్బంధింపరాదని 2020 నాటి నియమములు పలుకుచున్నవి.

ప్రశ్న యొక్కటే, ఉత్తరములు మూడు విధములు. కీడు చేయకుమనుటతో ఇంగ్లండు చట్టము తృప్తి నొందును. ఆపదలో నున్నవానికి తోటివాడు ఋణపడియున్నాడని ఫ్రెంచి చట్టము భావించును. మన చట్టము ముందుగా భయమును తొలగింపజూచును. ఫ్రెంచి శిక్షను యథాతథముగా నిచ్చట నాటినచో, పోలీసులకు వెరచువాడు మరింత వేగముగా పారిపోవునేమో! ఈ విచారమే యీ శాస్త్రమునకు ప్రాణము.

స్వదేశపు చట్టమే సరిగా తెలియని పిల్లలకు పరదేశపు చట్టమేలయని కొంద రాక్షేపింపవచ్చును. ఒక్క చట్టమునే యెరిగినవానికి అది యెండవానల వలె సహజమని తోచును. రెండవదానిని చూచినపుడే అది మనుష్యులు చేసినదనియు, దిద్దుకొనదగినదనియు తెలియును. పై తరగతులలో నెల కొక సమస్యను, రెండు దేశముల పరిష్కారములను తీసికొని చర్చ జరిపిన చాలును. గొప్ప గ్రంథములతో పని లేదు.

సమరయుని హృదయమును ఏ చట్టమును పుట్టింపజాలదు. కాని యట్టి హృదయము గల బాలుడు భయముచేత ప్రక్కగా పోకుండునట్లు బోధించుట మన విధి. ఉపాధ్యాయ సోదర సోదరీమణులు దీని నాలోచింతురని కోరుచున్నాము.