రాత్రి కనబడే విల్లుకి మన మాట ఏది?

వెన్నెలకి కూడా ఇంద్రధనుస్సు పడుతుందని ఏలూరు హాస్టల్లో మేము చెబితే సగంమంది నవ్వారు. పడుతుంది. పున్నమి దగ్గర రోజుల్లో, చంద్రుడు 42 డిగ్రీల కంటే కిందున్నప్పుడు, ఎదురు దిక్కున వాన పడుతుంటే కనబడుతుంది. కార్తీక పున్నమికైతే కొల్లేరు గట్టు మీద, చేపల చెరువుల లైట్లకి దూరంగా నిలబడి, చీకటి పడ్డాక రెండు గంటల్లోపు పడమర వైపు చూడాలి. తెల్లటి చారలా ఉంటుంది. రంగులు లేక కాదు, అంత తక్కువ వెలుతుర్లో మన కళ్ళు రంగు పట్టలేవు.

దీనికి పేరేంటని వాదన మొదలైంది. చంద్రధనుస్సు అన్నారొకరు, వెన్నెల విల్లు అన్నారింకొకరు. బాగానే ఉన్నాయి. కానీ కోయలో ఏమంటారని ఎవరూ అడగలేదు. కోయ పిల్లలమైన మేమూ అడగలేదు! సిగ్గేసింది.

కొత్త పేరు పెట్టకముందు మన ముసలోళ్ళని అడగాలి అంటాం మేము. కుక్కునూరు, వేలేరుపాడు వైపు వాళ్ళు కరెంటు రాకముందు రాత్రుళ్ళు ఆకాశం చూసినవాళ్ళు. పోలవరం ముంపుతో కాలనీలకి వచ్చాక గుమ్మం ముందే వీధిలైటు. అక్కడ పెరిగే పిల్లలకి ఆ విల్లు ఎలా కనబడుతుంది? పైగా అది అరుదు. యాభై ఏళ్ళకి పైగా కాలంలో రెండే చూశామని అరిస్టాటిల్ అంతటివాడే రాశాడు. మాట లేకపోవచ్చు కూడా, అడిగితేనేగా తెలిసేది.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు అవ్వనో తాతనో అడిగి, వాళ్ళు పలికింది పలికినట్టే రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. తెలుగులోకి మార్చకండి.