ఎవరి తోలు మీద కట్టిన లెక్క?

తోలు గురించి మాదిగోడికి పాఠం చెప్పాల్సిన పనిలేదు. మా తాత లంద దగ్గర కూచుని పచ్చితోలును సున్నంలో నానేసి, బొచ్చు తీసి, లోపలి కొవ్వు పొరను కత్తితో గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసేవాడు. వీపు తోలు మందం, పొట్ట తోలు వదులు అని ఆయన వేళ్ళకు తెలుసు. ఆ విద్యకు ఊరు పెట్టిన పేరు అంటు. అవే పొరలను ఇవాళ కంప్యూటరు మీద లెక్కగడితే దాని పేరు సైన్సు. సైన్సును నేను కాదనను. బడిలో నేను చెప్పేదీ అదే. ఆ లెక్క ఎవరి తోలు మీద కట్టారన్నదే నా ప్రశ్న.

మా చిన్నమ్మ మిరప చేలకు కూలికి పోతుంది. షుగరు మనిషి. రెండు పూటలా ఇన్సులిన్ తనే పొడుచుకుంటుంది. మందు సర్కారు దవాఖానలో దొరికినా సూదులు కొనుక్కోవాలి. అందుకని ఒక్క సూదే పదిహేను రోజులు. బొడ్డు పక్కన ఒకేచోట పొడిచీ పొడిచీ అక్కడ కొవ్వు గడ్డ కట్టింది. గడ్డ మీద నొప్పి అంతగా తెలియదు, కాబట్టి మళ్ళీ అక్కడే. షుగరు దిగలేదు. "తీపి తింటున్నావు, అబద్ధమాడుతున్నావు" అని డాక్టరు కసిరి మోతాదు పెంచాడు. పొట్ట మాత్రం ముట్టి చూడలేదు. ఒకనాడు ఆమె గడ్డకు దూరంగా, మంచి చోట పొడుచుకుని చేనికి పోయింది. పెంచిన మోతాదు తొందరగా ఒంట్లో కలిసింది. చెమటలు పట్టి సాళ్ళ మధ్య కూలబడితే తోటి కూలీలు చక్కెర నీళ్ళు తాపి బతికించారు.

తప్పు ఆమెదా? సీసాలో ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున గుంపు కట్టి ఉంటాయి. చర్మం కింద చేరాక ఆ గుంపు విడివడితేనే సన్నని రక్తనాళాల్లోకి పోతాయి. చర్మం వేడెక్కితే, పొడిచిన కాలో చెయ్యో పనిచేస్తే తొందరగా పోతాయి. గడ్డలోనైతే నెమ్మదిగా, ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా. ఎండలో వంగి మిరపకాయ కోసే ఒళ్ళూ, ఫ్యాను కింద కూచున్న ఒళ్ళూ ఒకటెట్లా అవుతాయి?

ఇప్పుడు పెద్దల లెక్క చూడండి. అమెరికాలోని వర్జీనియా, ఇటలీలోని పదోవా విశ్వవిద్యాలయాలు కట్టిన కంప్యూటరు నమూనాను 2008లో అమెరికా మందుల శాఖ జంతు పరీక్షలకు బదులుగా ఒప్పుకుంది. మూగజీవాల ప్రాణం మిగిలింది, మంచిదే. అందులో 300 మంది కంప్యూటరు మనుషులున్నారు. చర్మం కింద ఇన్సులిన్ ప్రయాణాన్ని రెండు గదులుగా గీశారు. గడ్డకు గది లేదు. ఎండకు గది లేదు. అరిగిన సూదికి గది లేదు.

నమూనాలో మనకు చోటు లేదు గానీ పరీక్షలో ఉంది. 2009లో మన ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా వేశారు. వాళ్ళలో ఆదివాసీ హాస్టలు పిల్లలెందరో. అది కండకు వేసే సూది. టీకా చెడ్డదని నేను అనడం లేదు, అనుమతి సంగతి అడుగుతున్నా. 2010లో ఆ కార్యక్రమం ఆపేశాక జరిగిన విచారణలో 9,543 అనుమతి పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టలు వార్డెన్ల సంతకాలు! అమ్మానాన్నల బదులు సంతకం పెట్టింది మాబోటి చదువుకున్నోళ్ళే. ఆ సిగ్గు మాది కూడా.

బాబాసాహెబ్ కూడా షుగరుతో బాధపడి ఇన్సులిన్ తీసుకున్న మనిషే. ఆయన పక్కన డాక్టరైన సవితా అంబేద్కర్ ఉన్నారు. మా చిన్నమ్మ పక్కన ఎవరున్నారు?

అందుకే అడుగుదాం. ఇన్సులిన్‌తో పాటు సూదులూ ఉచితంగా ఇవ్వాలి. ప్రతి దవాఖానలో సూది పొడిచే చోటు తడిమి చూడాలి. గడ్డ వదిలి వేరేచోట పొడిచేటప్పుడు మోతాదు ఎంతో డాక్టరే చూసి చెప్పాలి. నమూనాలు కట్టేవాళ్ళు ఎవరి ఒంటి లెక్కలు వాడారో బయటపెట్టాలి. కూలోళ్ళ ఒళ్ళు లెక్కలోకి రావాలి, వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పి, వాళ్ళే ఒప్పుకున్నాక.

ముట్టుకోకుండా తోలు సంగతి ఎవరికీ తెలియదు. ఇది మా తాతకు తెలుసు. డాక్టర్లు ఇంకా నేర్చుకోవాలి.