ముప్ఫై ఏడులో మొదటి మెట్టు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడికే దండలు. వెనక నిలబడి గోల్ పడకుండా కాపాడినవాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అదీ చిన్న క్లబ్బులోనైతే ఇక చెప్పేదేముంది!

గ్రాహం అలెగ్జాండర్ అలాంటి డిఫెండరే. 1991లో స్కంథార్ప్ క్లబ్బు తరఫున ఆట మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ లీగుల్లో అది నాలుగో మెట్టు. తర్వాత లూటన్‌లో నాలుగేళ్లు, ప్రెస్టన్‌లో ఎనిమిదేళ్లు. స్కాట్లాండ్ జట్టు నుంచి పిలుపొచ్చేసరికే ముప్ఫై నిండాయి. ప్రెస్టన్ 2001లో, 2005లో ప్రీమియర్ లీగ్ గుమ్మందాకా వెళ్లి, ఫైనల్లో ఓడి తిరిగొచ్చింది. 2007లో అతణ్ని బర్న్‌లీకి అమ్మేసింది. అప్పటికి వయసు 35.

ఆ వయసులో చాలామంది బూట్లు విప్పేస్తారు. అలెగ్జాండర్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. 2009లో బర్న్‌లీ 33 ఏళ్ల తర్వాత పెద్ద లీగ్‌కి ఎక్కింది. అలా 37 ఏళ్ల వయసులో అతను ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు! నాలుగు రోజులకే ఛాంపియన్ మాంచెస్టర్ యునైటెడ్‌ని బర్న్‌లీ 1-0తో ఓడించింది.

ఆ వైభవం ఒక్క సీజనే. 2010లో జట్టు మళ్లీ కిందికి దిగింది. అతను మొదలుపెట్టిన స్కంథార్ప్‌కే తిరిగెళ్లి, 2012లో ఆట మానేశాడు. మొత్తం వెయ్యికి పైగా మ్యాచ్‌లు! 2025లో కోచ్‌గా బ్రాడ్‌ఫర్డ్‌ని నాలుగో మెట్టు నుంచి మూడో మెట్టుకి ఎక్కించాడు.

ఆ ఒక్క ఏడాది రాకపోయి ఉంటే? అయినా అతను ఆ మిగతా మ్యాచ్‌లన్నీ అంతే శ్రద్ధగా ఆడేవాడు. మన ఇళ్లలోనూ ఉంటారు అలాంటివాళ్లు.. ఓసారి పలకరించండి!