సోడియం బ్యాటరీ ఎవరి కోసం?

విద్యార్థులారా! చినగంజాం ఉప్పు కొటార్లలో తెల్లగా కుప్పలు పోసిన ఉప్పును మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఉప్పులోని సోడియంతో బ్యాటరీలు చేసి అమ్మాలని ఇప్పుడు పెద్ద కంపెనీలు పోటీ పడుతున్నాయి. చైనాలోని సీఏటీఎల్ 2021లో తన సోడియం అయాన్ బ్యాటరీని ప్రకటించింది. 2022లో మన దేశపు రిలయన్స్, ఇదే పనిలో ఉన్న ఇంగ్లండు కంపెనీ ఫారాడియన్‌ను కొన్నది.

ఈ బ్యాటరీ పనిచేసే తీరు సెల్‌ఫోనులోని లిథియం బ్యాటరీ లాంటిదే. ఛార్జి చేసేటప్పుడు అయాన్లు ధనధ్రువం నుంచి ఋణధ్రువానికి చేరతాయి. వాడేటప్పుడు తిరిగి వస్తాయి. అయితే లిథియం పరమాణు భారం 7, సోడియంది 23. పైగా సోడియం బ్యాటరీ వోల్టేజీ కొంత తక్కువ. సీఏటీఎల్ 2021లో చెప్పిన లెక్క కిలోకు 160 వాట్ గంటలు. మంచి లిథియం బ్యాటరీలలో ఇది 250 దాటుతుంది. అందుకని "కారుకు బరువెక్కువ, సోడియం పనికిరాదు" అనేవారున్నారు.

బ్యాటరీకి కారు ఒక్కటే చోటా? మా చల్లపల్లికి దక్షిణాన నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్నాయి. రాత్రి వెలుతురు లేక నీటిలోని సూక్ష్మ వృక్షాలు ప్రాణవాయువును విడుదల చేయవు. శ్వాసక్రియ మాత్రం ఆగదు. తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఒక్క రాత్రిలో రైతు పంట పోవచ్చు. ఆ భయంతోనే డీజిల్ జనరేటర్లు పెట్టుకుంటారు. పగటి ఎండను సౌరఫలకలతో పట్టి, గట్టు మీది బ్యాటరీలో దాచితే? గట్టు మీద కదలకుండా ఉండేదానికి బరువైతేనేం?

ఉప్పు చవక కనుక బ్యాటరీ కూడా చవకేనని మాత్రం అనుకోకండి. ధ్రువాల పదార్థాలకు, కర్మాగారానికి ఖర్చవుతుంది. 2022 తరువాత లిథియం ధరలు బాగా పడిపోవడంతో పోటీ మరింత కష్టమైంది. అమరరాజా సంస్థ 2023లో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో శంకుస్థాపన చేసిన కర్మాగారం కూడా లిథియం బ్యాటరీలదే. అది మంచిదే. దానితోపాటు సోడియం బ్యాటరీని మన చెరువు గట్లపైన, ఉప్పుగాలిలో, ఎండలో కొన్నేళ్లు పరీక్షించి చూడాలని నా అభిప్రాయం. కార్ల పందెంలో వెనకబడిందని దానిని వదిలేస్తే నష్టపోయేది మన రైతే.

మీరూ ఒక పని చేయండి. దగ్గరలోని రొయ్యల రైతును అడిగి, నెలలో ఎన్ని గంటలు కరెంటు పోయింది, ఎన్ని లీటర్ల డీజిల్ కాలింది అని రాసుకోండి. గట్టు మీద ఎంత బ్యాటరీ కావాలో చెప్పే మొదటి లెక్క అదే.